పదకొండో రోజు ఇచ్చిన కుర్చీ

పోయిన వారం సువార్తమ్మని ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుంది కదా. రాజమండ్రి తాడితోటలో తన కుషన్ షాపు గుమ్మంలో, చేతిలో సుత్తి, పెదాల మధ్య మేకులు పెట్టుకుని, వీధి మలుపు తిరుగుతున్న ట్రాలీ ఆటోని చూస్తూ నిలబడి ఉంది. నోట్లో మేకులున్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వీధంతా వినపడేలా కేకేసేదే.

మధ్యలో చదవడం మొదలెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. బస్సు సీట్లూ ఆటో సీట్లూ కుట్టుకుని బతికే సువార్తమ్మకి పాత సామాన్ల దుకాణంలో ఒక కుర్చీ దొరికింది. ఎప్పుడో యాభైల్లో చేసిన టేకు కుర్చీ. కిందికి పోయేకొద్దీ సన్నబడే కాళ్ళు, వెనక్కి వాలిన వీపు, అరచేయి ఆనిస్తే మళ్ళీ తీయబుద్ధి కాని చేతులు. దాన్ని విప్పి, స్ప్రింగులు మార్చి, కొత్త కొబ్బరిపీచు కూరి, ఆవపువ్వు రంగు ఉన్నిగుడ్డ తొడిగేసరికి, ఫొటో చూసిన హైదరాబాదు కుర్రాడు సూర్యతేజ ఫోను మీద ఫోను. అలాంటి పాత కుర్చీలు ఏరి, మోజుపడి దాచుకునేవాళ్ళకి చేరవేయడం అతని వ్యాపారం. జత ఉంటేనే వాళ్ళు ముట్టుకుంటారన్నాడు. జత చూపిస్తే ఇకమీదట గోదావరి జిల్లాల్లో తనకి దొరికే ప్రతి కుర్చీ ఆమె షాపుకే పంపుతానన్నాడు. అంటే రెక్సిన్ వాసనకీ ఆటో డ్రైవర్ల బేరాలకీ ఒక దణ్ణం పెట్టేయొచ్చన్నమాట.

ఆ జత కాకినాడలో సీతారామలక్ష్మిగారింట్లో ఉందని ఆరా తీసి, వెళ్ళి అడిగింది. “ఆయన కుర్చీ ఆయన పోయిన పదకొండో రోజున శయ్యాదానంలో ఇచ్చేశామమ్మా. ఇది నాది. నా కుర్చీ నా ఇష్టం, తీసుకుపో” అందావిడ. పోయినవాళ్ళకి అక్కడ లోటు లేకుండా మంచం, పరుపు, గొడుగు, చెప్పులు దానమిస్తారు. ఇక్కడిస్తే అక్కడ వాళ్ళకి చేరతాయని నమ్మకం. చేరినదాన్ని ఇచ్చినవాళ్ళు మళ్ళీ కళ్ళజూడకూడదు. ఇదంతా ఆవిడ వివరిస్తుంటే మన సువార్తమ్మ ఏం చేసింది? ఆ దానమిచ్చిన కుర్చీ తన షాపులోనే ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చినా, నీళ్ళు నమిలి ఊరుకుంది.

ఇప్పుడా సీతారామలక్ష్మిగారే ఆటోలో డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చుని వస్తోంది.

సువార్తమ్మ మేకులు అరచేతిలోకి ఉమ్మేసి లోపలికి పరిగెత్తింది. కుర్చీ షాపు నడిమధ్యన పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు దర్జాగా ఉంది. దాని చేతులకి పొద్దున్నే ఆఖరి పూత పాలిష్ పడింది. అది ఆరడానికి పాలిష్ మేస్త్రి ఏసుపాదం పెడస్టల్ ఫ్యాను ఎదురుగా పెట్టి, వ్యాను వేసుకుని కాకినాడ బయల్దేరాడు. దేనికి? రెండో కుర్చీ తేవడానికి. ఆ రెండో కుర్చీ ఇటొస్తుంటే ఆయన అటు వెళ్ళాడు. ఆయన వెళ్ళిన కాసేపటికే కరెంటు పోయింది, ఇంకా రాలేదు. గోడవార ఉన్న పాత దుప్పటి లాగి కుర్చీ మీద కప్పేసింది సువార్తమ్మ. పచ్చి పాలిష్‌కి అంటుకుపోతుందేమోనని ప్రాణం ఉసూరుమంది. అంటుకుంటే మళ్ళీ రుద్దించుకుందాంలే అని సరిపెట్టుకుంది.

“సువార్తమ్మా, ఉన్నావా?”

“ఆయ్, రండమ్మగారండి. మీరొచ్చేశారేంటండి? మా ఏసుపాదాన్ని మీ ఇంటికే పంపానండి.”

“అయ్యో, పంపావా. ఇవాళ ఇల్లు ఖాళీ చేసేశామమ్మా. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారట, ఒకటే పోరు. దానవాయిపేటలో మా చెల్లెలుండే వీధిలో రెండు గదులు తీసుకున్నాను. అక్కడ లారీలోంచి సామాను దింపుతున్నారు. దీన్ని మళ్ళీ లోపలికి మొయ్యడం దేనికని ఇటే తెచ్చేశాను.” వెనకాల ట్రాలీలోంచి దిగుతున్నాయన వైపు తిరిగి చూసింది. “మా మరిది, సత్యం. స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు.”

సత్యంగారి అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. అన్నవరం మొక్కుతో పుట్టిన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. అంత పొడుగు మనిషీ ఒక్క చోట కుదురుగా నిలబడలేకపోతున్నాడు. డ్రైవరుతో కలిసి కుర్చీ దింపించాడు, తాళ్ళు విప్పించాడు, విప్పిన తాడు మళ్ళీ చుట్టాడు, చుట్టింది మళ్ళీ విప్పాడు. “వదినా, ఇచ్చేశాం కదా, ఇక పదండి. అక్కడ బీరువా ఎక్కడ పెట్టాలో వాళ్ళకి తెలీదు” అన్నాడు.

“ఉండవయ్యా. గుక్కెడు మంచినీళ్ళన్నా తాగనీ.”

సువార్తమ్మ మనసులో సత్యంగారికి వెయ్యి దణ్ణాలు పెట్టుకుంది. తీసుకెళ్ళు నాయనా, తొందరగా తీసుకెళ్ళు. పైకి మాత్రం “కూర్చోండమ్మగారండి” అనక తప్పుతుందా. కొత్తగా కుట్టిన బస్సు సీటు ఒకటి బెంచీ మీద ఉంటే చూపించింది. సీతారామలక్ష్మిగారు దాని చివరంచు మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పిలుపొస్తే లేవడానికన్నట్టు కూర్చుంది. అంత మెత్తటి సీటు వెనకాల ఖాళీగా ఉండిపోయింది.

ఆవిడ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుందో లేదో, గోడ గూట్లో పెట్టిన ఫోను మోగింది. ఏసుపాదం.

“అక్కా, ఇక్కడ ఇంటికి తాళం ఉందక్కా. పక్కింటోళ్ళని అడిగితే ఊరొదిలి వెళ్ళిపోయారంటున్నారు. కుర్చీ గోవిందా అనుకుంటా.”

“కుర్చీ ఇక్కడే ఉంది. నువ్వు వచ్చెయ్.”

“ఎలా వచ్చిందక్కా?”

“నడిచొచ్చింది. పెట్టెయ్ ఫోను.”

పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి సూర్యతేజ. రైలు చప్పుడులో గొంతు తెగి తెగి వినపడుతోంది. “సువార్తమ్మగారూ, నిడదవోలు దాటామండి. స్టేషన్ నుంచి సరాసరి మీ షాపుకే వస్తాను. రెండోది వచ్చిందా? రాత్రి బండికి బుక్ చేసేయాలి, అక్కడ మావాళ్ళు కాచుకుని ఉన్నారు.”

“వచ్చిందండి” అంది సువార్తమ్మ. నిడదవోలు దాటితే ఎంతసేపని, కొవ్వూరు, ఆ తర్వాత గోదావరి మీద వంతెన, అంతే. ఆలోగా వీళ్ళని ఎలాగోలా సాగనంపితే గండం గడిచినట్టే. కాలు కాలిన పిల్లిలా దుప్పటికీ గుమ్మానికీ మధ్య తిరగడం మొదలెట్టింది. అటు చూస్తే సత్యంగారు కూడా గుమ్మానికీ ఆటోకీ మధ్య తిరుగుతున్నాడు. షాపులో నిమ్మళంగా ఉన్న మనిషి సీతారామలక్ష్మిగారొక్కత్తే. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, “సరే, వస్తానమ్మా” అని లేచింది.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది.

సువార్తమ్మ ఎన్నిటి మీద కన్నేసి ఉంచినా ఫ్యాను స్విచ్చి సంగతి మర్చిపోయింది. ఏసుపాదం దాన్ని మూడో నంబరు మీద పెట్టి వెళ్ళాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. దుప్పటి ఒకసారి బుస్సున పొంగి, కుర్చీ మీద నుంచి జారి సీతారామలక్ష్మిగారి కాళ్ళ దగ్గర పడింది. చేతి మీద పాలిష్‌కి అంటుకున్న కాస్త దారం మాత్రం ఇంకా వదలకుండా వేళ్ళాడుతోంది.

సువార్తమ్మ గబుక్కున ఫ్యాను ఆపేసింది.

సీతారామలక్ష్మిగారు కుర్చీని ముందు నుంచి చూసింది. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. వంగి, వెనక కాలికి దిగ్గొట్టి ఉన్న చిన్న ఇత్తడి బిళ్ళ చూసింది. దాని మీద లంగరు బొమ్మ ఉంది. ఆటోలోంచి దించిన కుర్చీ వెనక కాలికీ అదే బిళ్ళ, అదే బొమ్మ. ఆవిడ దేన్నీ చేత్తో తాకలేదు.

“మా ఆయన పనిచేసిన తెల్లవాళ్ళ కంపెనీ పోర్టులో ఎత్తేసి పోతుంటే వేలంలో కొన్నారు” అంది. “రెండంటే రెండే. కాకినాడ మొత్తం మీద ఇంకెవరింట్లోనూ ఇలాంటివి లేవు. రంగు మార్చినంత మాత్రాన నేను పోల్చుకోలేనా?”

“అమ్మగారండి...”

“నువ్వు మా ఇంటికొచ్చిన రోజున ఇదిక్కడే ఉందా?”

అబద్ధమాడదామని సువార్తమ్మకి అనిపించకపోలేదు. కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఆడగలిగే అబద్ధం ఒక్కటీ దొరకలేదు. “ఉందండి” అంది.

“మరి చెప్పలేదే.”

“చెబితే మీరు రెండోది ఇవ్వరని భయమేసిందండి. ఈ జత కుదిరితే నా బతుకు మారుతుందండి. అదీ సంగతి.”

సీతారామలక్ష్మిగారు తలూపింది. తిడుతుందనుకుంది సువార్తమ్మ. తిడితే బాగుండుననుకుంది కూడా. ఆవిడ బెంచీ దగ్గరికొచ్చి మళ్ళీ ఆ చివరంచు మీదే కూర్చుంది.

“దానం పట్టినాయన అమ్ముకున్నాడని నాకు కోపం లేదమ్మా. ఊళ్ళో అందరూ ఇస్తారు. పాపం ఎన్ని మంచాలని, ఎన్ని కుర్చీలని ఇంట్లో పెట్టుకుంటాడు. అమ్ముకుంటారని తెలిసే ఇస్తాం. కానీ మన కంటపడకుండా పోవాలి. కంటపడలేదంటే చేరిందనుకుంటాం. ఇన్నేళ్ళూ నేనలాగే అనుకున్నాను. ఇదిగో, ఇక్కడుంది. ఆయనకి చేరలేదు.”

మళ్ళీ, తనలో తను అనుకున్నట్టు అంది.

“ఆఖరి ఏడాది ఆయన మోకాళ్ళు నిలబడనిచ్చేవి కావు. స్నానానికి కూడా పీట వేసేదాన్ని. దేవుడికి దణ్ణం పెట్టాలన్నా కూర్చునే పెట్టేవారు. అలాంటి మనిషి... అంటే, ఇన్నాళ్ళూ నిలబడే ఉన్నారా?”

గుమ్మంలో సత్యంగారు ఇటు తిరిగాడు. “వదినా, అదీ...” అని మొదలెట్టి, మింగేసి, కండువాతో మెడ తుడుచుకుంటూ మళ్ళీ వీధి వైపు తిరిగిపోయాడు.

సువార్తమ్మకి నవ్వు రావాలి కదా. వాళ్ళ చర్చిలో కుర్చీలు పంపే పద్ధతి లేదు. కానీ ఆమెకి నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. భర్త అబ్రహాముని పాతిపెట్టిన రోజు, అంత మట్టి కింద ఆయనకి ఊపిరాడుతుందా అని అడిగి పాస్టరుగారి చేత చీవాట్లు తిన్న మనిషి ఆమె. ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువదో అడిగేటప్పుడూ తెలుసు. అయినా నెలల తరబడి పక్క మీద వెల్లకిలా పడుకుని అదే ఆలోచించింది. అందుకని సీతారామలక్ష్మిగారికి ఏం చెప్పాలో తెలియక, దుప్పటి తీసి మడత పెడుతూ నిలబడింది.

“పోనీలే” అంది ఆవిడే, కాసేపటికి. “నువ్వేం చేస్తావు. నీ బతుకుతెరువు నీది. ఆ రెండోది కూడా ఉంచేసుకో. రెండూ ఎంత దూరం పంపగలిగితే అంత దూరం పంపెయ్. నాకిక కుర్చీ అన్న మాటే వద్దు.”

చూశారా. కోరుకున్నదే జరిగింది. గొడవ లేదు, శాపనార్థాలు లేవు, జత దక్కింది. ఇంకో అరగంటలో సూర్యతేజ వస్తాడు, రాత్రి బండికి రెండు కుర్చీలూ వెళ్ళిపోతాయి. సువార్తమ్మ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటమే. ఆ మాత్రం పని ఎవరైనా చేస్తారు.

చేతులు ఖాళీగా ఉండలేక, కొత్తగా వచ్చిన కుర్చీ మీద తొడిగిన తెల్ల గలేబు తీసింది. ఎంత పని ఉంటుందో చూద్దామని సీటు మీద అరచేయి పెట్టి నొక్కింది. ముందు భాగం గట్టిగా ఉంది. వెనక్కి పోయేకొద్దీ మెత్తబడింది. ఎడంపక్క మూలకి వచ్చేసరికి చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది. వీపు తడిమింది. అక్కడా అంతే. కుడి వైపు పీచు బాగానే ఉంది, ఎడం వైపు ఒక మనిషి భుజం పట్టేంత గుంట పడి ఉంది.

సువార్తమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మొదటి కుర్చీని విప్పిన రోజు గుర్తొచ్చింది. అందులో ముందు వరస స్ప్రింగులు మాత్రమే అణిగిపోయి ఉన్నాయి. వెనకవన్నీ వేసినప్పుడెలా ఉన్నాయో అలాగే బిర్రుగా ఉన్నాయి. వీపులో పీచు అసలు నలగలేదు. అన్నేళ్ళ కుర్చీలో అదేం చిత్రమో ఇద్దరికీ అంతుబట్టలేదు. “ఇందులో కూర్చున్నాయన ఎప్పుడు లేచి పారిపోదామా అని చూసేవాడనుకుంటా అక్కా” అని ఏసుపాదం నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడు బెంచీ వైపు చూసింది. సీతారామలక్ష్మిగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని చివరంచు మీద కూర్చుని ఉంది.

కాకినాడ నుంచి వచ్చిన కుర్చీ ఆవిడది కాదు. ఆవిడది ఈ ఆవపువ్వు రంగుది. పదకొండో రోజున దానంలో వెళ్ళిపోయింది ఆవిడ కుర్చీ. ఇన్నేళ్ళూ ఇంట్లో ఉన్నది, నాది నా ఇష్టం అని అమ్మడానికి తెచ్చింది, ఆయన కుర్చీ.

చెబితే ఏమవుతుందో సువార్తమ్మకి బాగా తెలుసు. తన కుర్చీ అనుకుంది కాబట్టి ఇచ్చేస్తోంది గానీ, మొగుడు ఒరిగి ఒరిగి గుంటపడ్డ కుర్చీ అని తెలిస్తే ఏ ఆడది ఇస్తుంది? జత పోతుంది. సూర్యతేజ వచ్చి, చూసి, మొహం మాడ్చుకుని పోతాడు. మళ్ళీ ఆటో సీట్లు, మళ్ళీ రెక్సిన్. చెప్పకపోతే? చెప్పకపోతే ఈవిడ దానవాయిపేటలో రెండు గదుల్లో కూర్చుని, మోకాళ్ళు పట్టేసిన మనిషి ఎక్కడో నిలబడి ఉన్నాడని పోయేదాకా ఏడుస్తుంది. ఆ ఏడుపెలా ఉంటుందో తనకి తెలుసు. మీరైతే ఏం చేసేవారని అడగను, అడిగితే అందరూ మంచే చెబుతారు.

“వదినా, ఇక లేవండి” అన్నాడు సత్యంగారు.

ఆవిడ లేచింది. గుమ్మం దాకా నడిచింది. చెప్పుల్లో ఒక కాలు పెట్టింది.

“అమ్మగారండి” అంది సువార్తమ్మ. అనేసి, తన నోటిని తనే తిట్టుకుంది. “ఒక్క మాట అడుగుతానండి. మీరు మీ కుర్చీలో ఎలా కూర్చునేవారండి?”

“ఎలా ఏంటి? అందరూ కూర్చున్నట్టే.”

“వెనక్కి ఆనుకునేవారాండి?”

సీతారామలక్ష్మిగారికి ఇంత దుఃఖంలోనూ చిన్న నవ్వొచ్చింది. “ఆనుకోవడమా. పొయ్యి మీద పాలో, గుమ్మంలో ఎవరో, ఈయనకి కాఫీయో. ఆనుకుంటే మళ్ళీ లేవబుద్ధి కాదని ఆనుకునేదాన్నే కాదు. ఆయన పోయాక కూడా అదే అలవాటు.”

“ఒక్కసారి ఈ కుర్చీలో కూర్చోండి. వెనక్కంటా జరిగి కూర్చోవాలండి.”

“వద్దు సువార్తమ్మగారూ” అన్నాడు సత్యంగారు. అంతసేపట్లో ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎందుకు వద్దంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు.

సీతారామలక్ష్మిగారు మరిది వంక ఒకసారి, సువార్తమ్మ వంక ఒకసారి చూసి, చెప్పులోంచి కాలు తీసి వెనక్కి వచ్చింది. గలేబు తీసేసిన కుర్చీలో, వెలిసిపోయిన పాత గుడ్డ మీద అలవాటుగా అంచున కూర్చుంది. “ఇంకా వెనక్కండి” అంది సువార్తమ్మ. ఆవిడ కాస్త జరిగింది. “ఇంకానండి.” మొహమాటపడుతూ, చీర సర్దుకుంటూ పూర్తిగా వెనక్కి జరిగి వీపు ఆనించింది.

ఆనించగానే ఒళ్ళంతా ఎడమ పక్కకి ఒరిగిపోయింది. పడిపోతాననుకుని కుర్చీ చెయ్యి పట్టుకుంది. పడలేదు. భుజం వెళ్ళి ఆ గుంటలో సరిగ్గా ఆగింది.

ఆవిడ పట్టుకున్న కుర్చీ చెయ్యి వదిలి, తల కూడా అటే వాల్చింది.

“ఆయనకి కుడిచెవి వినపడేది కాదు” అంది. “పోర్టులో ఓడల కూతలకి పోయింది. నా కుర్చీ ఆయనకి ఎడంపక్కన ఉండేది. నేనేమన్నా చెబితే వినడానికి ఇలా... ఇలా ఒరిగేవారు.” ఎడం చెయ్యి చాచి పక్కన ఖాళీలో ఏదో తడుముకుంది. “నేను మాట్లాడేదే తక్కువ. ఇంత గుంట పడేలా ఏం చెప్పానమ్మా ఆయనకి?”

సువార్తమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. మొదటి కుర్చీ విప్పినప్పుడు ఏం చూసిందో చెప్పింది. ముందు వరస స్ప్రింగుల గురించి, నలగని పీచు గురించి చెప్పింది. “రెండూ ఒక్కలాంటివి, పైన ఒక్కలాంటి గలేబులు. ఆ హడావిడిలో కుర్చీలన్నీ అటూ ఇటూ జరిపి ఉంటారండి. పొరపాటున మీది వెళ్ళిపోయింది. ఆయన కుర్చీ ఎక్కడికీ పోలేదండి. ఎవరూ అమ్ముకోలేదు. ఇన్నేళ్ళూ మీ ఇంట్లోనే ఉంది.”

చెప్పేశాక తేలిగ్గా అనిపించింది. ఆ వెంటనే, ఇక జత లేదు కదా అనిపించింది.

సీతారామలక్ష్మిగారు కుర్చీ చెయ్యి నిమురుతోంది. నిమురుతూ నిమురుతూ ఆగింది. ఏదో లెక్క కుదరనట్టు నుదురు ముడిపడింది.

“పొరపాటున అంటావేంటి” అంది నెమ్మదిగా. “నేను మూల కూర్చుని లేవకపోయినా అన్నీ వింటూనే ఉన్నాను. గలేబులు ఆ ముందురోజే ఉతకడానికి తీసేశారు. కుర్చీలు రెండూ ఉత్తిగానే ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్లాడు కూడా ఇంత గుంటపడ్డదాన్ని చూసి ఇది తాతగారిది అనేవాడు. పైగా బతికున్నదాని ఆసనం దానంలో పెడతారా ఎవరైనా? తెలిసి పెడతారా?”

వీధిలో ఇంకో ఆటో ఆగిన చప్పుడయింది. “సువార్తమ్మగారూ, ఇదేనా అండి షాపు?” అని ఫోనులో విన్న గొంతే గుమ్మం బయట నుంచి పలికింది. సువార్తమ్మ లేవలేదు. ఆమె కళ్ళు సత్యంగారి మీదే ఉన్నాయి. ఆయన తిరగడం మానేశాడు. వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి ఒక్క చోట నిలబడి, కండువా కొస రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉన్నాడు.

“ఆ రోజు గదిలోంచి కుర్చీ మోసుకొచ్చింది నువ్వే కదయ్యా సత్యం” అంది సీతారామలక్ష్మిగారు, కుర్చీలోంచి లేవకుండానే. “పొరపాటు పడ్డావా?”

సత్యంగారు తల అడ్డంగా ఊపాడు.

“పొరపాటు కాదు వదినా. అన్నయ్య పోయేముందు ఏ కుర్చీ కావాలన్నాడో అదే ఇచ్చాను.”